మొనలరిగిన స్ఫటికం

"బావా, మీకు పావుగంట. ఆపైన ఒక్క నిమిషం కావాలన్నా మా అక్క వచ్చి అడగాలి. అడిగినా ఇవ్వననుకోండి."

లాకప్పు తలుపు తీయిస్తూ ఇన్‌స్పెక్టర్ ఆ మాట స్టేషనంతా వినపడేలా అన్నాడు. కానిస్టేబుళ్లు పళ్లికిలించారు. బావ బతుకు కోరేవాడు బావమరిది అని చెప్పిన మహానుభావుడికి ఇలాంటి బావమరిది తగల్లేదు కాబోలు అనుకుంటూ డిటెక్టివ్ తలవంచి లోపలికి నడిచాడు.

ఒకప్పుడు అతనూ ఈ స్టేషన్లోనే పనిచేశాడు. అప్పట్లో డిపార్టుమెంటంతా అతన్ని 'చాదస్తం' అనేది. గుమ్మంలో చెప్పులు ఏ దిక్కుకి తిరిగి ఉన్నాయో కూడా గుర్తుపెట్టుకునే మనిషని ఎగతాళి. ఆ చాదస్తంతోనే అతను తిండీ నిద్రా మానుకుని మూడు పెద్ద కేసులు తేల్చాడు. మూడూ బావమరిది పేరు మీద పేపర్లకెక్కాయి. సొమ్మొకడిది, సోకొకడిది. బావమరిది ఇన్‌స్పెక్టరయ్యాడు, బావ ఉద్యోగానికి దణ్ణం పెట్టి మేడమెట్ల కింద గదికి డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్నాడు. ఇంట్లో ఈ సంగతి ఎత్తితే భార్య కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, ఎంతైనా తమ్ముడు కదా. అందుకని ఎత్తడు. ఎత్తనంత మాత్రాన కడుపులో మంట చల్లారిందని కాదు.

లోపల బెంచీ మీద ఒక అమ్మాయి మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. పాతికేళ్లుంటాయి. గోళ్ల చుట్టూ తుప్పు మరకలు. స్ఫటికాలు పెంచే ప్రయోగశాలలో పెద్దసారుకి శిష్యురాలు. ఆ పెద్దసారు శనివారం పొద్దున్న తన ప్రయోగశాలలోనే, స్ఫటికం పెరిగే చిన్న గదిలో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయి కనిపించాడు. ఒంటిమీద గీతయినా లేదు. ప్రాణవాయువు అందక పోయాడని డాక్టరు చెప్పాడు. ఆ గదిలో నైట్రోజన్ సిలిండరుంది. రంగూ వాసనా లేని గ్యాసు. మూసిన గదిలో నిండిందంటే మనిషికి దగ్గయినా రాదు, కునుకు పట్టినట్టే పోతాడు.

సిలిండరు నుంచి జాడీకి వెళ్లే గొట్టం ఊడి నేలమీద పడి ఉంటే పాపం ప్రమాదం అనుకునేవాళ్లు. కానీ శనివారం పొద్దున్నకి గొట్టం దాని చోటున అది ఉంది, పైన గాలి బయటికి తోడే ఫ్యాను తిరుగుతోంది, గదిలో గాలి శుభ్రంగా ఉంది. పోయినవాడు లేచి గొట్టం తగిలించడు కదా. తగిలించిన చెయ్యి వేరే ఉంది. కాబట్టి హత్య. అక్కడిదాకా బావమరిది బుర్ర బాగానే నడిచింది. ఆ తర్వాతే ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఈ పిల్ల మీద పడ్డాడు. రేపు పొద్దున్న కోర్టులో పెడతాడట. కోర్టుకెళ్లిందంటే ఇక జైలుకే, బయటికి రావడం దేవుడెరుగు.

ఈ పిల్లని ఎలాగైనా బయటికి తెమ్మని డిటెక్టివ్‌ని పిలిపించింది మరెవరో కాదు, పోయిన పెద్దసారు భార్యే.

"మీ సారుతో దెబ్బలాట దేనికమ్మాయ్?" డిటెక్టివ్ ఎదురుగా నేలమీదే చతికిలబడ్డాడు.

"పరిశోధన వ్యాసంలోంచి నా పేరు కొట్టేశారు సార్. ఏడాదిపాటు పెంచాను దాన్ని, ఆవగింజంత విత్తనం నుంచి. ఇప్పుడు నిమ్మకాయంత ఉంది. 'నువ్వు చేసింది కాపలా, పరిశోధన కాదు' అన్నారు."

"నువ్వేమన్నావు?"

ఆ పిల్ల తల దించుకుంది. "మీరు చచ్చినా నా పేరు పెట్టరు అన్నాను. అది ప్యూను విన్నాడు."

"భేష్. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. అది సరే, నిమ్మకాయంత రాయితో మీకేం పని?"

"రాయి కాదు సార్. ఇనుము కలిసిన ఉప్పు. దాన్ని ఐసు కూడా వేడనిపించేంత చలిలో పెడితే అయస్కాంతమవుతుంది. అప్పుడు లోపల ఒక్కో ఇనుప పరమాణువూ ఏ దిక్కుకి తిరిగి నిలబడుతుందో చూడాలి. దానికి పెద్దది కావాలి, అదీ అతుకూ పగులూ లేని ఏకముక్క. చిన్నవి పది కలిపి పెడితే పదిమంది ఒకేసారి అరిచినట్టుంటుంది, ఒక్క ముక్కా అర్థం కాదు."

"ఎలా పెంచుతారు?"

ఆ మాట అడిగేసరికి ఆ పిల్ల ముఖంలోకి ఎక్కడలేని జీవం వచ్చింది. లాకప్పులో ఉన్న సంగతి మర్చిపోయి చేతులు తిప్పుతూ చెప్పింది. "నీళ్లలో ఉప్పు ఇక కరగనన్నంత కరిగిస్తాం. ఆ ద్రావణంలో విత్తనాన్ని దారానికి కట్టి వేలాడదీస్తాం. మోటారు మెల్లగా తిప్పుతుంటుంది. జాడీ చుట్టూ తొట్టెడు వేడినీళ్లు. ఆ వేడిని యంత్రం ఒంటికి తెలియనంత నెమ్మదిగా తగ్గిస్తూ పోతుంది. నీళ్లు చల్లబడేకొద్దీ పట్టుకోలేని ఉప్పు వచ్చి విత్తనం మీద కూర్చుంటుంది. గాలి తగిలితే తుప్పు రంగు తిరుగుతుంది కాబట్టి జాడీలోకి నైట్రోజన్ వదులుతుంటాం. మేం ఆ గదిలోకి చెప్పులతో వెళ్లం. తలుపు కూడా వీపు వెనక చెయ్యి అడ్డం పెట్టి మెల్లగా ఆనిస్తాం. సార్ ఒక్కరే దడాల్న వేసేవారు. చెవి మిషను తీసి జేబులో పడేసుకున్నారంటే ఆయనకి పక్కన పిడుగు పడ్డా తెలియదు. సాయంత్రం ఇంటికెళ్లి టీ తాగొచ్చి, ఆ గది వెచ్చగా ఉంటుందని అందులోనే కునుకు తీసేవారు."

"మధ్యలో మోటారు ఆగిపోతే?"

"పాలపొర కడుతుంది సార్. ఊరుకుంటే ఇక పనికిరాదు. వెంటనే వేడి ఓ డిగ్రీ పెంచి, పాడైన పైపొరని కరిగించెయ్యాలి. మొనలు అరిగి గుండ్రంగా అయ్యేదాకా కళ్లార్పకుండా చూడాలి. అప్పుడు మళ్లీ మెల్లగా చల్లార్చాలి. అది బండతొట్టి. వేడి ఎక్కి దిగాలంటే నాలుగ్గంటలు పడుతుంది. పక్కనుంచి కదలకూడదు."

"ఇది మీ సారే నేర్పారా?"

మూడు రోజుల తర్వాత మొదటిసారి కాబోలు, ఆ పిల్ల కాస్త నవ్వింది. "ఆయనకి అప్పటికప్పుడు ఏదీ తట్టదు సార్. ఏ చిక్కొచ్చినా 'ఉండండి, టీ తాగొస్తా' అని ఇంటికెళ్లేవారు. రాగానే టకటకా చెప్పేవారు. మా సారు బుర్ర టీగిన్నెలో ఉంటుందని మేం నవ్వుకునేవాళ్లం."

డిటెక్టివ్ కూడా నవ్వాడు. "శుక్రవారం సంగతి చెప్పు."

"నాలుగున్నరకి టీ తాగొచ్చారు. ప్యూనుకి సెలవిచ్చి గదిలోకెళ్లారు, దడేల్‌మని తలుపు చప్పుడైంది. నేను అయిదింటికి గేటు దాటాను, వాచ్‌మన్ చూశాడు. అయిదున్నర బస్సెక్కి మా ఊరెళ్లిపోయాను. అమ్మకి ఒంట్లో బాగోలేదు."

బయట నుంచి ఇన్‌స్పెక్టర్ లాఠీతో చువ్వల మీద వాయించాడు. డిటెక్టివ్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. ఆ పిల్ల గొంతు తగ్గించి, "సార్, ఒక్కటి చెప్తారా? నా స్ఫటికం బాగానే ఉందా?" అంది.

"మెడకి ఉరి బిగుస్తుంటే రాయి మీద బెంగా నీకు?" అని కసిరాడు గానీ, కసిరినందుకు తర్వాత దారంతా తనని తానే తిట్టుకున్నాడు.

* * *

ప్రయోగశాల వెనకే పెద్దసారు ఇల్లు. తాళంచెవి పట్టుకుని ఆయన భార్యే వచ్చింది. అరవై దాటిన సన్నటి మనిషి, నెరిసిన జుట్టు, చెంగు భుజాల చుట్టూ కప్పుకుంది. కానిస్టేబులు సీలు విప్పుతుంటే పక్కన ఒదిగి నిలబడింది.

"మీరు కూడా లోపలికి రావాలమ్మా, ఇంటివాళ్లు ఒకరుండాలి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నాకేం తెలుసు నాయనా ఇందులో? ముప్పయ్యేళ్లలో నాలుగుసార్లు వచ్చుంటానేమో," అంటూ ఆవిడ అందరికంటే వెనక వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

అది గది అనడం కంటే అలమారా అంటే నయం. నలుగురు నిలబడేసరికి ఊపిరి సలపడం లేదు. ఒక పక్క సిలిండరు, దాని పక్కన పెద్దసారు వాలుకుర్చీ. మధ్యలో తొట్టి, తొట్టిలో గాజు జాడీ, జాడీలో దారానికి వేలాడుతూ మెల్లగా తిరుగుతున్న లేతాకుపచ్చ స్ఫటికం. బయట ఇంత గోల జరుగుతుంటే అది మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

"ఫ్యాను స్విచ్చేదీ?" తలుపు అవతల నిలబడ్డ ప్యూనుని కేకేసి అడిగాడు డిటెక్టివ్.

"బయట గోడ మీదుందండి. కట్టేస్తే అన్నీ ఆగిపోతాయండి, ఫ్యానూ మోటారూ హీటరూ. మూడూ ఒకటే లైను."

డిటెక్టివ్ నోట్లో చప్పరిస్తున్న వక్కపలుకు ఆగిపోయింది. గ్యాసు గదిలో నిలవాలంటే ఫ్యాను ఆపాలి. ఫ్యాను ఆపితే మోటారూ ఆగుతుంది. మోటారు ఆగితే ఈ స్ఫటికం పాలపొర కట్టి పాడవ్వాలి. కానీ కళ్లెదుట నిగనిగలాడుతోంది.

జేబులోంచి టార్చి తీసి తొట్టి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. పక్కనుంచి వెలుగు పడేసరికి ఆకుపచ్చ లోపల ఇంకో ఆకారం కనిపించింది. స్ఫటికంలో స్ఫటికం. గోరు మందం లోపల, సన్నటి తుప్పురంగు చారతో, నీడలాంటి రూపు. బయటి స్ఫటికం మొనలు కత్తితో కోసినట్టున్నాయి. లోపలి దాని మొనలు మాత్రం చప్పరించి తీసిన చక్కెరబిళ్లలా గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి.

"ఏం బావా, రాయికి సాష్టాంగపడ్డారు? వరమేమైనా ఇచ్చిందా?"

"ఇచ్చింది. ఇటు రా." డిటెక్టివ్ టార్చి అతని చేతికిచ్చి చూపించాడు. "ఆ చార చూశావా? అక్కడ గాలి తగిలింది. అంటే గొట్టం ఊడింది. ఇదివరకెప్పుడో కరెంటు పోయినప్పటి గాయం కాదిది, శుక్రవారం నాటిదే. పైన గోరు మందమే పెరిగింది, మూడు రోజుల పెరుగుదల. ఇక ఆ అరిగిన మొనలు. ఎవరో వేడి పెంచి, పాడైన పొర కరిగించి, గొట్టం జాడీకి తగిలించి, మళ్లీ పెరిగేలా చేశారు. నువ్వు హత్యకి ఆధారమన్న ఆ గొట్టం ఉంది చూశావూ, అది ఈ రాయి కోసం తగిలించింది. చంపినవాళ్లు దీన్ని బతికించారు."

ఇన్‌స్పెక్టర్ టార్చి ఆర్పి బావ చేతిలో పెట్టాడు. ఆపైన చప్పట్లు కొట్టి పకపకా నవ్వాడు.

"అబ్బబ్బ, ఎంత మంచివారు బావా మీరు! ఈ వైద్యం తెలిసింది ఎవరికి? ఆ పిల్లకి. ఏడాది పెంచిన ముద్దు ఎవరికి? ఆ పిల్లకి. నాకు సాక్ష్యం ఒక్కటే తక్కువైంది, అదీ మీ చేత్తో తెచ్చి పళ్లెంలో పెట్టారు. ఏమయ్యా, రాసుకో, రాసుకో!"

"రాసుకోనీ. దాని కిందే ఇది కూడా రాయించు," డిటెక్టివ్ లేచి నిలబడ్డాడు. "నాలుగున్నరకి పెద్దసారు నడుచుకుంటూ వచ్చాడు, ప్యూను చూశాడు. అయిదింటికి ఆ పిల్ల గేటు దాటింది, వాచ్‌మన్ చూశాడు. ఆ వాంగ్మూలం రాయించింది నువ్వే. అరగంటలో మనిషిని చంపొచ్చు, కాదనను. కానీ ఈ తొట్టిలో వేడి ఎక్కి దిగాలంటే నాలుగ్గంటలు. చంపినవాళ్లు శవాన్ని పక్కన పెట్టుకుని రాత్రి తొమ్మిదిదాకా ఇక్కడ కూర్చున్నారు. అప్పటికి ఆ పిల్ల బస్సు దిగి వాళ్లమ్మ మంచం దగ్గరుంది."

"నాలుగ్గంటలని ఎవరు చెప్పారు? ఆ పిల్లేగా!"

"నన్నూ నమ్మకు, ఆ పిల్లనీ నమ్మకు. అదిగో థర్మామీటరు, ఇదిగో గడియారం. నువ్వే మీట తిప్పి కూర్చో. కాసేపు మెదడుకీ పని చెప్పినట్టుంటుంది."

కానిస్టేబులు నవ్వాపుకోలేక దగ్గాడు. ఇన్‌స్పెక్టర్ చెవులదాకా ఎర్రబడ్డాడు. "బావ కదా అని నెత్తినెక్కించుకుంటే! సాక్ష్యం అన్నారుగా, పదండి సాక్ష్యాన్ని స్టేషన్‌కి తీసుకుపోదాం. తీయవయ్యా ఆ రాయిని! పైకి లాగి సంచిలో పడెయ్!"

కానిస్టేబులు మూత తీసి దారం పట్టుకున్నాడు.

"వద్దు!"

గది దద్దరిల్లింది. అంత సన్నటి మనిషిలోంచి అంత గొంతు ఎలా వచ్చిందో! పెద్దసారు భార్య ఇన్‌స్పెక్టర్‌ని భుజంతో నెట్టుకుని వచ్చి కానిస్టేబులు మణికట్టు పట్టేసుకుంది. "అలా తీస్తే చల్లగాలికి నిలువునా పగిలిపోతుంది! ముందు గుడ్డ వేడినీళ్లలో ముంచి, దానికి చుట్టి..." అంటూ ఠక్కున ఆగిపోయింది.

కానిస్టేబులు బిక్కచచ్చి దారం వదిలేశాడు. ఇన్‌స్పెక్టర్ మెత్తబడ్డాడు. "సరేనమ్మా, సరే. ఆయన వస్తువు కదా, మీ బాధ నాకు అర్థమవుతుంది. ఉంచవయ్యా అక్కడే." బావ వైపు తిరిగాడు. "రేపు పది గంటలకి ఆ పిల్లని కోర్టులో పెడుతున్నాను. ఈలోపు మీ దగ్గర ఇంకో పేరుంటే చెప్పండి. ఊరికే ఈమె కాదు అంటే నేను వదలను. నాకు పేరు కావాలి. డాక్టరుకి ఫోన్ చేసొస్తాను, ఆలోచించుకోండి."

కానిస్టేబుల్ని వెంటేసుకుని బయటికెళుతూ తలుపు దడాల్న వేశాడు. జాడీలో నీళ్లు వణికాయి. పెద్దసారు భార్య ఉలిక్కిపడి, తనకి తెలియకుండానే రెండు చేతులూ చాచి తొట్టి అంచులు అదిమి పట్టుకుంది.

తలెత్తేసరికి డిటెక్టివ్ ఆ చేతులకేసే చూస్తున్నాడు.

* * *

డిటెక్టివ్‌కి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఇందాక ఆవిడ లోపలికి వచ్చి తలుపు వేస్తే చప్పుడు కాలేదు. గుమ్మం బయట ఆడవాళ్ల చెప్పుల జత ఒకటుంది. నలుగురిలో చెప్పులు విప్పి వచ్చింది ఆవిడొక్కతే. చాదస్తం అంటారు గానీ, ఆ చాదస్తం ఇవాళ కాస్త ముందు మేలుకుని ఉంటే బాగుండేది. ఇక ఆ పిల్ల నవ్వుతూ చెప్పిన మాట.

"అమ్మా, మీ ఆయన బుర్ర టీగిన్నెలో ఉంటుందని పిల్లలు నవ్వుకునేవాళ్లట," అన్నాడు మెల్లగా.

"నవ్వుకోనీ బాబూ. నిజమే కదా," అందావిడ. "గిన్నె నాది."

కుర్చీ ఖాళీగానే ఉంది. ఆవిడ దాని వంక కూడా చూడకుండా తొట్టికి ఆనుకుని నిలబడింది.

"ఇద్దరం ఒకేచోట చదువుకున్నాం. ఈ ద్రావణాల పిచ్చి నాది, ఆయనది కాదు. మొదటి పెద్ద స్ఫటికం నేను పెంచాను. పెళ్లయ్యాక ఒకింట్లో రెండు పేర్లెందుకన్నారు. ఆయన పేరూ నా పేరూ ఒకటే కదా అనుకున్నాను, చిన్నతనం. ఆ తర్వాత గదిలోకి రావద్దన్నారు, నలుగురూ చూస్తే బాగోదట. సరే, వంటింట్లోంచే చెప్పేదాన్ని. సాయంత్రం టీ పెట్టేలోపు ఆయన చిక్కు చెప్పడం, నేను విప్పడం. ముప్పయ్యేళ్లు గడిచిపోయాయి. కోపం రాలేదా అంటారేమో. వచ్చేది. గిన్నెలు తోముకుంటే పోయేది."

"శుక్రవారం పోలేదు."

"ఆ పిల్ల మధ్యాహ్నం నా వంటింటి గుమ్మంలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన టీకి వచ్చినప్పుడు అడిగాను. దాని పేరు పెట్టండి, దాని కష్టం అది అన్నాను. నవ్వారు. 'నీ పేరు ముప్పయ్యేళ్లుగా పెట్టలేదు, నువ్వేమన్నా చచ్చావా?' అన్నారు." ఆవిడ గొంతు పెంచలేదు. "లేదు బాబూ. నేను చావలేదు. ఆ టీ గ్లాసు కడిగి బోర్లించాను. ఆ పిల్ల గేటు దాటేదాకా వంటింటి కిటికీలోంచి చూశాను. అప్పుడొచ్చాను. ఆయన అప్పటికే కునుకులో ఉన్నారు, మిషను జేబులో ఉంది. గొట్టం పీకి, సిలిండరు పూర్తిగా తిప్పి, బయటికొచ్చి స్విచ్చు కట్టేశాను. అంతే."

డిటెక్టివ్ ముఖం తుడుచుకున్నాడు. చెమట కాదు, ఏదో చిరాకు. నేరస్థుడు దొరికితే కలిగే గర్వం ఇసుమంతైనా రాలేదు.

"గొట్టం అలా కిందే వదిలేసి ఇంటికెళ్లిపోయి ఉంటే ప్రమాదమని రాసి మూసేసేవాళ్లు. మా బావమరిది సంగతి నాకు తెలుసు, వాడికి అన్నిటికంటే బద్ధకం ఎక్కువ. ఆ పిల్ల జోలికి ఎవరూ పోయేవాళ్లు కాదు."

"అలాగే అనుకున్నాను. స్విచ్చు వేసి, గాలి మారాక, ఆయన పోయారో లేదో చూసి వెళ్లిపోదామని లోపలికొచ్చాను. చూస్తే దీని మీద అప్పటికే పాలపొర కడుతోంది. ఏడాది కష్టం! ఇంత నిఖార్సయినది నా చేతిలో కూడా పెరగలేదు. ఎలా వదిలేస్తాను? చేతులు ఊరుకోలేదు."

"నాలుగ్గంటలు... ఆయన పక్కన?"

"ఆయన్ని చూడలేదు బాబూ," అందావిడ. "దీన్నే చూశాను."

డిటెక్టివ్ జాడీలోకి చూశాడు. ఆ పిల్ల లాకప్పులోంచి అడిగిన ప్రశ్న చెవిలో మోగింది. గురువు పోయాడు, తల మీద హత్యానేరం ఉంది, అయినా అడిగింది దీని గురించే.

"మరి నన్నెందుకు పిలిపించారమ్మా?"

"ఆ పిల్లని పట్టుకుపోతారని కలలో కూడా అనుకోలేదు. మీ గురించి అందరూ చాదస్తం అంటుంటే విన్నాను. గట్టిగా పట్టుకుని వాదించి ప్రమాదమని తేలుస్తారని ఆశపడ్డాను. మరీ ఇంత చాదస్తం అనుకోలేదు." ఆవిడ పెదవి చివర ఏదో కదిలింది. "రేపు పేపర్లో మీ పేరు వస్తుందా, ఇదంతా కనిపెట్టినందుకు?"

"రాదు. మా బావమరిది పేరు వస్తుంది."

"ఓహో," అందావిడ. ఆ ఒక్క మాట చాలు డిటెక్టివ్‌కి. ఇన్నేళ్లలో ఇంట్లో భార్య కూడా తన బాధని అంత సూటిగా అర్థం చేసుకోలేదు.

వెళ్లిపోదామనిపించింది. నాకేం తెలియదు, ఇంకో పేరు దొరకలేదు అని చెప్పేసి, మేడమెట్ల కింద గదిలో తలుపేసుకుని పడుకుందామనిపించింది. ఈవిడ తనకి కేసు అప్పగించిన మనిషి. పైగా, సిగ్గు విడిచి చెప్పాలంటే, ఈవిడ చేసిన పని చేయాలని అతనికీ ఒకటి రెండుసార్లు అనిపించకపోలేదు. కానీ లాకప్పు బెంచీ మీద ముడుచుకున్న మోకాళ్లూ, తుప్పు మరకల గోళ్లూ కళ్లముందు కదిలాయి.

"అమ్మా, వాడికి ఇంకో పేరు దొరక్కపోతే ఆ పిల్లని వదలడు," అన్నాడు. ఆ మాట అనడానికి చాలా కష్టపడ్డాడు.

"తెలుసు. ఇందాక ఇక్కడే నిలబడి అంత గట్టిగా అన్నాడుగా." ఆవిడ కానిస్టేబులు వంకరగా వదిలేసిన మూతని సరిచేసింది. వంగి దారం చూసింది, థర్మామీటరు చూసింది. ముప్పయ్యేళ్లుగా ఎవరి ఎదుటా చేయనివ్వని పనిని ఇప్పుడు ఒక మనిషి ఎదుట తీరిగ్గా చేసింది. "ఆ పిల్ల రాగానే చెప్పండి, పైపొర నిలిచింది, ఏం బెంగ పడొద్దని. ఇంకో నెలకి తీయొచ్చు. తీసేటప్పుడు తొందరపడొద్దని చెప్పండి."

"చెప్తాను."

దడేల్‌మని తలుపు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టర్. వెనకాలే కానిస్టేబులు. లోపలికొచ్చి మళ్లీ అంత చప్పుడుతోనూ వేశాడు.

"ఏం బావా, ఉందా పేరు? లేక ఇంటికెళ్లి అక్క చేత నాకు సిఫారసు చేయిస్తారా?"

"తలుపు మెల్లగా వెయ్యి!" పెద్దసారు భార్య వెనక్కి తిరగకుండానే గద్దించింది. ఇన్‌స్పెక్టర్ గుడ్లు మిటకరించాడు. "ముప్పయ్యేళ్లు చెప్పాను ఆయనకి, తలుపు మెల్లగా వెయ్యండని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది." అప్పుడు తిరిగి, చెంగుతో చేతులు తుడుచుకుని, నిటారుగా నిలబడింది. "నీకు పేరు కావాలన్నావుగా నాయనా. నాది రాసుకో. ఆ గొట్టం పీకింది నేను. ఈ స్ఫటికాన్ని బాగుచేసిందీ నేనే, అది కూడా రాయించు. ఆ పిల్లకి దేనితోనూ సంబంధం లేదు."

ఇన్‌స్పెక్టర్ బావ వంక చూశాడు. బావ తల కిందికి దించుకుని నిలబడ్డాడు. అలా దించుకున్న తలని చూశాక ఇన్‌స్పెక్టర్‌కి ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. రాసుకొమ్మని కానిస్టేబులుకి సైగ చేశాడు.

కానిస్టేబులు తడుముకుంటూ పెన్ను తీశాడు. "పేరేంటమ్మా?"

"పూర్తిగా రాయి," అందావిడ. "ఒక్క అక్షరం వదలొద్దు. ఇంతవరకూ ఎక్కడా ఎక్కలేదది."

చెప్పింది. కానిస్టేబులు సగంలో ఆగి, మళ్లీ చెప్పమన్నాడు. ఆవిడ మళ్లీ చెప్పింది, ఈసారి గట్టిగా, బయట నిలబడ్డ ప్యూనుకి కూడా వినపడేలా.